టోటిలా అనే గోతుల రాజు

ఆస్ట్రోగోతులు (ఇటలీని ఏలిన ఒక జర్మానిక్ తెగ) అనగానే అందరూ వాళ్ళ రాజు థియొడొరిక్ గురించే రాస్తారు, గొప్పోడే కాదనను, కానీ నాకు టోటిలా అంటేనే ఇంట్రెస్ట్. 541లో రాజయ్యాడు. అప్పటికే వాళ్ళ రాజధాని రవెన్నా తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ సైన్యం చేతుల్లోకి పోయింది, వరసగా రాజుల్ని చంపుకుంటున్నారు, ఈయనేమో తన చేతిలో ఉన్న ట్రెవీసో ఊరిని ఆ రోమన్లకే అప్పగించేద్దామని బేరం కుదుర్చుకుని కూర్చున్నాడు! గోతులొచ్చి రాజువి కమ్మంటే, ఇప్పుడున్న ఎరారిక్‌ని ఫలానా రోజులోపు చంపేయండి వస్తా అన్నాడట, వాళ్ళు చంపేశారు.

543లో టోటిలా ముట్టడిలో ఉన్న నేపుల్స్ ఆకలికి తట్టుకోలేక లొంగిపోయింది. ఎండిపోయిన కడుపులకి ఒక్కసారిగా తిండి పడితే చచ్చిపోతారని గేట్ల దగ్గర కాపలా పెట్టి, మొదట కొంచెం కొంచెం పెట్టి రోజురోజుకీ పెంచుతూ వెళ్ళాడు. ఓడిపోయిన సైనికులు వెళ్ళిపోడానికి ఓడలిచ్చాడు, గాలి అనుకూలించకపోతే గుర్రాలు, దారి ఖర్చులు కూడా ఇచ్చి పంపాడు. ఇదంతా రాసింది శత్రుపక్షం చరిత్రకారుడు ప్రొకోపియస్, అందుకే నమ్మబుద్ధవుతుంది.

అలాగని దేవుణ్ణి చేయక్కర్లేదు, అబద్ధం చెప్పాడని ఒక బిషప్‌కి రెండు చేతులూ నరికించాడు, రోమ్ దగ్గరి టివోలీలో ఊరు ఊరంతా ఊచకోత.

546 డిసెంబర్లో రోమ్ టోటిలా చేతిలో పడింది, జస్టీనియన్ తరఫున కాపలా ఉన్న ఇసౌరియన్ (ఇప్పటి టర్కీ వైపు వాళ్ళు) సైనికులే రాత్రి గేటు తీశారు. లోపల మిగిలిన మామూలు జనం 500 మందేనట. తత్వవేత్త బోయీథియస్ భార్య రుస్టిషియానా, అంత గొప్పింటావిడ, ఉన్నదంతా దానం చేసేసి ఇంటింటికీ తిరిగి తిండి అడుక్కుంటోంది, థియొడొరిక్ విగ్రహాలు పగలగొట్టించిందని గోతులు ఆవిణ్ణి చంపేస్తామంటే టోటిలా ఆపాడు. ఆవిడ భర్తనీ తండ్రినీ చంపించింది ఆ థియొడొరిక్కే మరి.

టోటిలా చివరి యుద్ధం 552లో ఇటలీలోనే టాజినే దగ్గర, అవతల జస్టీనియన్ సేనాని నార్సెస్. టోటిలాకి రావాల్సిన 2000 మంది గుర్రపు దళం ఇంకా రాలేదు, టైమ్ లాగాలి, ఏంచేశాడంటే బంగారు కవచం వేసుకుని రెండు సైన్యాల మధ్యకొచ్చి గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతూ, ఈటె గాల్లోకి ఎగరేసి పట్టుకుంటూ షో చేశాడు! దళం వచ్చేసింది, అందరూ భోంచేశారు, మామూలు సైనికుడి కవచంలోకి మారాడు. ఇక్కడిదాకా బానే ఉంది. ఆ తర్వాత విల్లు ముట్టుకోవద్దు ఈటెలే వాడండి అని ఆర్డర్, ఎదురుగా రెండు వైపులా నాలుగేసి వేలమంది విలుకాళ్ళున్నారు బాబూ! ఆ ఆర్డర్ ఎందుకిచ్చాడో ప్రొకోపియస్‌కే అర్థం కాలేదు. దాదాపు 6000 మంది గోతులు పోయారు, పారిపోతుండగా టోటిలా కూడా.