పెరంబూరు మేడ మీంచి ఆల్గోల్ గ్రహణాన్ని కొలిచాం: నా అనుభవం

జంట నక్షత్రాల గురించి ఎంత చదివినా నాకు ఒక వెలితి ఉండేది. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయని పుస్తకం చెబుతుంది, సరే. ఆ తిరగడాన్ని నా కళ్లతో నేను చూడగలనా? ఈ ఊళ్లో, ఈ దీపాల మధ్య? చూడొచ్చని ఈ చలికాలంలో తెలిసింది. చెన్నై పెరంబూరులో మా మేడ మీద నిలబడి, టెలిస్కోపు వాడకుండా, ఒక నోటుపుస్తకం, ఒక గడియారంతో ఆల్గోల్ అనే నక్షత్రం గ్రహణాన్ని నేనూ మా అబ్బాయీ కొలిచాం. చెయ్యాలనుకునేవాళ్లకి పనికొస్తుందని ఎలా చేశామో వివరంగా రాస్తున్నాను.

మొదట్లో నేనూ అందరిలాగే టెలిస్కోపుతోనే మొదలుపెట్టాను. ఆఫీసులో ఒకరి దగ్గర చిన్న టెలిస్కోపు అడిగి తెచ్చుకుని సప్తర్షి మండలంలో వశిష్ఠుణ్ణి చూశాను. పెళ్లిలో పురోహితుడు చూపించే అరుంధతి ఆ వశిష్ఠుడి పక్కనే ఉండే చిన్న చుక్క. మామూలు కంటికి ఇద్దరే. టెలిస్కోపులో చూస్తే వశిష్ఠుడొక్కడే రెండుగా విడిపోతాడు. ఆ రెండింటిలో మళ్లీ ప్రతి ఒక్కటీ ఒక జంటేనని వర్ణపటం వల్ల, అంటే వెలుగుని రంగులుగా విడదీసి చూడ్డం వల్ల తెలిసింది. 1889లో పికరింగ్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు అమెరికాలోని హార్వర్డులో ఈ పద్ధతిలో పట్టుకున్న మొట్టమొదటి జంట ఇదే. ఇక అరుంధతికి కూడా మసకగా ఉండే ఎర్రటి తోడు ఉందని 2009లో తేలింది. అంటే మనం మంగళంగా ఇద్దరికి దండం పెట్టే చోట ఆరు నక్షత్రాలున్నాయి.

ఆ రాత్రి చాలా సంతోషించాను. కానీ వాటిలో కదలిక కనపడలేదు, కనపడదు కూడా. టెలిస్కోపులో విడివిడిగా కనిపించే జంటలు సాధారణంగా ఒకదానికొకటి చాలా దూరంగా ఉంటాయి కాబట్టి మెల్లగా తిరుగుతాయి. ఆల్ఫా సెంటారీనే తీసుకోండి. అది జంట అని 1689లో పుదుచ్చేరి నుంచి కనిపెట్టింది రిషో అనే ఫ్రెంచి పాదిరీ. తోకచుక్కని చూస్తూ దీన్ని గమనించాడు. మనకి ఇంత దగ్గర్లో జరిగిన సంగతి మన పాఠాల్లో లేకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఆ రెండు నక్షత్రాలు ఒక చుట్టు తిరగడానికి దాదాపు 80 ఏళ్లు పడుతుంది. మూడోది ప్రాక్సిమా. అది వాటికి ఎంతో దూరంగా ఉండి లక్షల ఏళ్లకి ఒక చుట్టు తిరుగుతుంది. మూడు నక్షత్రాల కుటుంబాలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి: దగ్గరగా ఒక జంట, దూరంగా ఇంకొకటి. మూడూ సమానమైన ఎడంలో ఉంటే ఆ ఏర్పాటు నిలవదు, చివరికి ఒకటి బయటికి విసిరేయబడుతుంది.

వర్ణపటంతో తెలిసే జంటల్ని చూసే పరికరం నా దగ్గర లేదు. మిగిలింది గ్రహణ జంటలు. ఇవి చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి, తొందరగా తిరుగుతాయి, పైగా మన చూపుకి అడ్డంగా తిరుగుతాయి. దాంతో ఒకటి ఇంకొకదాన్ని కప్పినప్పుడల్లా వెలుగు తగ్గుతుంది. టెలిస్కోపులో కూడా రెండుగా విడవవు, ఒకటే చుక్క. కానీ ఆ చుక్క మసకబారడం, మళ్లీ తేరుకోవడం కళ్లతో చూడొచ్చు. అన్నిటికన్నా సులువైనది ఆల్గోల్. మామూలప్పుడు దాని మాగ్నిట్యూడ్ 2.1, గ్రహణం మధ్యలో 3.4. మాగ్నిట్యూడ్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. ఇక్కడ మిగిలేది మూడో వంతు కన్నా తక్కువ. గ్రహణం మొత్తం సుమారు పది గంటలు. ఇంగ్లండులో యార్క్ ఊరివాడు జాన్ గుడ్‌రిక్, చిన్నప్పటి నుంచీ చెవులు వినపడని కుర్రాడు, ఇరవై ఏళ్లు నిండకుండానే ఈ మార్పుల్ని లెక్కగట్టి, ఏదో చీకటి వస్తువు దాన్ని అడ్డుకుంటోందేమోనని 1783లో రాశాడు. ఇరవై ఒకటో ఏట చనిపోయాడు. అతనికీ కళ్లే పరికరం, ఆ సంగతి నాకు చాలా ధైర్యం ఇచ్చింది.

మాగ్నిట్యూడ్ మాట వచ్చింది కాబట్టి మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఒక మాగ్నిట్యూడ్ తేడా అంటే వెలుగులో 2.512 రెట్లు అని 1856లో ప్రతిపాదించిన నార్మన్ పాగ్సన్ తర్వాత మద్రాసు అబ్జర్వేటరీకి అధిపతిగా వచ్చి, 1891లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన దగ్గర పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులీ అనే చంచల నక్షత్రాన్ని, అంటే వెలుగు మారుతూ ఉండే నక్షత్రాన్ని కనిపెట్టాడు. ఆ అబ్జర్వేటరీ నుంగంబాక్కంలో ఉండేది. ఇప్పుడక్కడ వాతావరణ కేంద్రం ఉంది. పాత రాతి స్తంభం ఇంకా నిలిచి ఉంది, దాని మీద తెలుగులో కూడా చెక్కించారు. నోటుపుస్తకంలో 3.0 అని రాసుకునేటప్పుడు, ఈ కొలత పెట్టినాయన మన ఊళ్లోనే, మనం చూసే ఈ ఆకాశాన్నే చూశాడని నాకు గుర్తొచ్చేది.

ఇక పని. అక్టోబర్, నవంబర్ ఈశాన్య రుతుపవనాలకే పోతాయి. డిసెంబర్ మధ్య నుంచి తెరిపి దొరుకుతుంది. అప్పుడు సాయంత్రం ఏడు దాటాక ఉత్తరం వైపు తిరిగితే కాసియోపియా అనే నక్షత్ర మండలం కనిపిస్తుంది, నడినెత్తికి తూర్పుగా కృత్తికలు ఉంటాయి. ఈ రెండింటికీ సుమారు మధ్యలో ఆల్గోల్. పక్క అపార్ట్‌మెంటు ఫ్లడ్‌లైటు సూటిగా కళ్లలో పడుతుంది కాబట్టి మేము సింటెక్స్ ట్యాంకు నీడలో నిలబడేవాళ్లం. కళ్లు చీకటికి అలవాటు పడ్డానికి కనీసం పావుగంట కావాలి. ఆ పావుగంటలో ఫోను తీయకూడదు. ఇది మా అబ్బాయికి అన్నిటికన్నా కష్టమైన నియమం.

గ్రహణం ఏ రోజు ఏ గంటకో ముందే తెలియాలి. మినిమమ్, అంటే వెలుగు అన్నిటికన్నా తగ్గే క్షణం, ఆ వేళల పట్టికలు దొరుకుతాయి, చాలావరకు గ్రీనిచ్ కాలంలో ఉంటాయి. ఐదున్నర గంటలు కలుపుకోవాలి. రెండు మినిమమ్‌ల మధ్య 2 రోజుల 20 గంటల 49 నిమిషాలు, అంటే మూడు రోజులకోసారి మూడు గంటలు ముందుకు జరుగుతూ వస్తుంది. తెల్లవారుజామున మొదలై, తర్వాత అర్ధరాత్రి ప్రాంతానికి, ఆపైన రాత్రి తొమ్మిదికి వచ్చి, చివరికి పగటిలో కలిసిపోతుంది. అలా రమారమి మూడు వారాలకోసారి మనకి అనువైన రాత్రి దొరుకుతుంది. ఆ రాత్రి మబ్బు పడితే మళ్లీ మూడు వారాలు ఆగాల్సిందే. ఈ టెన్షన్ మాత్రం తప్పదు. సంక్రాంతి రోజుల్లో ఇంకో చిక్కు, భోగి మంటల పొగ ఊరంతా కమ్మేస్తుంది. ఆ వారం మేము ప్రయత్నించలేదు.

వెలుగు ఎలా కొలవాలి? మారని నక్షత్రాలతో పోల్చి. గామా ఆండ్రోమిడే 2.1, ఎప్సిలాన్ పెర్సీ 2.9, డెల్టా పెర్సీ 3.0, ఆల్ఫా ట్రయాంగులీ 3.4. ఇవి చాలు. ఆల్గోల్ పక్కనే ఉండే రో పెర్సీని మాత్రం వాడకండి, అది తానే మారుతూ ఉంటుంది. ఆల్గోల్ రెండు పోలిక నక్షత్రాల మధ్యలో ఉందనిపిస్తే, వాటి తేడాని పది భాగాలు అనుకుని ఇది ఎన్నో భాగం దగ్గరుందో అంచనా వేస్తాం. పావుగంటకోసారి ఒక అంకె. కొన్నాళ్లు అలవాటైతే ఒక మాగ్నిట్యూడ్‌లో పదో వంతు తేడా కూడా తెలుస్తుంది. కన్ను అంత మంచి పరికరమని నేను అనుకోలేదు.

ఇందులో నేను గట్టిగా పట్టుబట్టిన విషయం ఒకటుంది. మినిమమ్ ఎప్పుడో తెలిసిన మనిషికి ఆ వేళకి నక్షత్రం మసకగానే కనిపిస్తుంది, మనసు అలా చేస్తుంది. అందుకని ఆ వేళ మా అబ్బాయికి చెప్పలేదు. వాడు చూసి అంకె చెబుతాడు, నేను రాస్తాను, నా అంకె వాడికి చూపించను. "అమ్మా, ఇప్పుడు డెల్టాతో సమానంగా ఉంది, ఇందాక దానికన్నా బాగా వెలిగింది కదా!" అని వాడు అన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఏడో తరగతి పిల్లవాడు, ఎవరూ చెప్పకుండా, ఒక నక్షత్రం ముందుకి ఇంకో నక్షత్రం రావడాన్ని పట్టుకున్నాడు.

గ్రహణం అడుగుకి చేరాక వెలుగు కాసేపు మారినట్టే ఉండదు, అందుకని సరిగ్గా ఏ నిమిషంలో మినిమమ్ అయిందో నేరుగా చెప్పడం కష్టం. దానికి ఒక ఉపాయం ఉంది. దిగేటప్పుడు ఫలానా వెలుగుకి వచ్చిన వేళ, ఎక్కేటప్పుడు అదే వెలుగుకి వచ్చిన వేళ రాసుకుని మధ్య చూడాలి. డిసెంబర్ 19న డెల్టాతో సమానమైంది రాత్రి 7:30కి, మళ్లీ 10:10కి. మధ్య 8:50. జనవరి 31న అదే పద్ధతిలో 9:15 వచ్చింది. నడుమ 15 చుట్లు పూర్తయ్యాయి. 43 రోజుల 25 నిమిషాల్ని 15తో భాగిస్తే 2 రోజుల 20 గంటల 49 నిమిషాల 40 సెకన్లు.

ఇంకొక చిన్న సవరణ ఉంది, నాకు ఎంతో నచ్చిన సవరణ. ఆ నెలన్నరలో భూమి తన కక్ష్యలో ఆల్గోల్ నుంచి దూరంగా జరుగుతోంది. కాబట్టి రెండో గ్రహణం వార్త మనకి చేరడానికి వెలుగు అదనంగా నాలుగైదు నిమిషాలు ప్రయాణించింది. ఆ ఆలస్యం తీసేస్తే నా లెక్క 49 నిమిషాల 20 సెకన్ల దగ్గరికి వస్తుంది. శాస్త్రజ్ఞుల లెక్క 48 నిమిషాల 56 సెకన్లు. మేడ మీద ట్యాంకు పక్కన నిలబడి చేసిన పనికి అర నిమిషం లోపు తేడా! ఒక గ్రహణాన్ని కొలవడంలో పది నిమిషాలు అటూ ఇటూ అయినా 15 చుట్లకి పంచితే అది సెకన్లలోకి దిగిపోతుంది. ఓపిగ్గా రెండో గ్రహణం కోసం ఆగితే వచ్చే లాభం అదే.

ఈ చుట్టు కాలానికి శాస్త్రజ్ఞులు కొలిచిన దూరం తోడైతే ఎంత తెలుస్తుందో చూడండి. ఆ రెండు నక్షత్రాల మధ్య దూరం భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరంలో 0.062 వంతు, అంటే 93 లక్షల కిలోమీటర్లు. సూర్యుడికి బుధుడున్న దూరంలో ఇది ఆరో వంతు కూడా లేదు. చుట్టు కాలం సంవత్సరాల్లో 0.00785. కెప్లర్ సూత్రం ప్రకారం దూరాన్ని ఘనం చేసి, కాలం వర్గంతో భాగిస్తే 3.87 వస్తుంది. రెండింటి బరువూ కలిపి సూర్యుడికి దాదాపు నాలుగు రెట్లు. ఇది కాగితం మీద వేసినప్పుడు నేను చాలాసేపు ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను. నక్షత్రాల్ని తూచడానికి మనకున్న నమ్మకమైన త్రాసు ఈ జంటలే, ఒంటరి నక్షత్రం బరువు ఇంత సూటిగా తెలియదు.

ఆ బరువులో మూడు రెట్లకు పైగా వేడి నీలి నక్షత్రానిది. చల్లటి తోడుది సూర్యుడి బరువులో ముప్పావు వంతు లోపు. రెండూ ఒప్పులకుప్ప ఆడే ఇద్దరు పిల్లల్లా తిరుగుతాయి. బరువైన పిల్ల దాదాపు ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, తేలిక పిల్ల పెద్ద చుట్టు చుడుతుంది. మనకి కనిపించే గ్రహణం ఆ తేలికైన మసక నక్షత్రం ముందుకొచ్చినప్పుడు. అది వెనక్కి వెళ్లినప్పుడు కూడా ఒక చిన్న గ్రహణం ఉంటుంది, కానీ ఆ తగ్గుదల కంటికి అందనంత తక్కువ.

ఇక్కడ శాస్త్రజ్ఞుల్ని చాలాకాలం తికమకపెట్టిన ప్రశ్న ఉంది. బరువైన నక్షత్రాలు ఇంధనాన్ని తొందరగా ఖర్చుచేసి ముందు ముసలివవుతాయి. ఆల్గోల్‌లో తేలికైనదే ముసలిదై ఉబ్బింది, బరువైనది ఇంకా యవ్వనంలో ఉంది. రెండూ కలిసి పుట్టినవే కదా! జవాబు ఏమిటంటే ఒకప్పుడు ఇప్పటి తేలికైనదే బరువైనది. అది ముసలిదై ఉబ్బినప్పుడు దాని పై పొరలు తోడు నక్షత్రం ఆకర్షణలోకి జారి, పదార్థం అటు ప్రవహించింది. ఇచ్చింది తేలికైపోయింది, పుచ్చుకున్నది బరువెక్కింది. ఒంటరి నక్షత్రం బతుకు దాదాపుగా పుట్టినప్పటి బరువే నిర్ణయిస్తుంది. దగ్గరి జంటలో మాత్రం ఒకదాని బతుకుని ఇంకొకటి మార్చేస్తుంది. నన్ను ఈ విషయం దగ్గర కట్టిపడేసింది ఇదే. ఆల్గోల్‌కి కూడా మూడో నక్షత్రం ఉంది. అది దూరంగా ఉండి ఈ జంట చుట్టూ సుమారు 680 రోజులకి ఒకసారి తిరుగుతుంది.

మా అంకెలన్నీ అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్‌కి పంపించాం. 1911 నుంచి ఉన్న సంస్థ, ఏ దేశంవాళ్లయినా చూసింది పంపొచ్చు, పోలిక నక్షత్రాల పటాలు కూడా ఉచితంగా ఇస్తారు. ఆ పటాల్లో దశాంశ చుక్క ఉండదు, 30 అని ఉంటే 3.0 అని చదువుకోవాలి. ఫిబ్రవరి దాటాక ఆల్గోల్ పడమటికి వాలిపోయింది. ఇప్పుడు బీటా లైరే కోసం చూస్తున్నాం. అది 13 రోజులకి కాస్త తక్కువలో ఒక చుట్టు తిరుగుతుంది, ఆ రెండు నక్షత్రాలూ ఎంత దగ్గరగా ఉన్నాయంటే పదార్థం ఇప్పటికీ ఒకదాన్నుంచి ఇంకొకదానికి పారుతూనే ఉంది. దాని వెలుగు ఆల్గోల్‌లా స్థిరంగా ఉండి ఒక్కసారిగా పడదు, ఎప్పుడూ మారుతూనే ఉంటుంది. అందుకని రోజుకి ఒక్క అంకె రాసుకున్నా సరిపోతుంది. పరీక్షలు అయ్యాక మొదలుపెడదామని మా అబ్బాయి కొత్త నోటుపుస్తకంలో గళ్లు గీసి పెట్టుకున్నాడు.