టెంటూ బొంతా ఆగస్టు నెలా

"అన్నయ్య క్యాంపుకి వెళ్తానంటే ఏ రోజని అడిగావు, అంతే కదమ్మా."

మా అమ్మాయి అన్న మాట ఇది. దానికి పదకొండేళ్ళు. స్నేహితురాలి ఇంటి పెరట్లో టెంటు వేసుకుని నలుగురు ఆడపిల్లలూ ఆ రాత్రికి అక్కడే పడుకుంటారట, తనూ వెళ్తానంది. ఎవరెవరు వస్తున్నారు, పెద్దవాళ్ళెవరుంటారు, ఆ ఇంట్లో ఇంకెవరున్నారు, రాత్రి ఇంకెవరైనా వస్తారా అని నేను వరసగా అడుగుతూ పోయాను. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, ఆఖర్న ఆ మాట అంది. కోపంగా అన్లేదు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

నిజమే. పోయినేడు మా పెద్దవాడు అడిగినప్పుడు నేను చూసింది తేదీ, వాడికి ఏం సర్దాలి అన్నది. అయినా మా అమ్మాయిని అడిగిన ప్రశ్నలు తప్పని నేననుకోను. పిల్లలు రాత్రి ఇంటికి దూరంగా ఉన్నప్పుడు ఏ తల్లయినా అడగాల్సినవే అవి. మగపిల్లాడికి మాత్రం ఏమీ కాదని ఎవరు చెప్పారు? కాబట్టి ప్రశ్నలు తగ్గించలేదు, ఇద్దరికీ ఒకటే చేశాను. ఆ ఇంటి తల్లిదండ్రులతో నేనే స్వయంగా మాట్లాడాలి. రాత్రంతా పెద్దవాళ్ళు ఒకరు ఇంట్లో ఉండాలి, పెరటి తలుపుకి గడియ పెట్టకూడదు. ఎన్ని గంటలకి ఫోన్ చేసినా వచ్చి తీసుకొస్తాను, ఎందుకు వచ్చేశావని ఆ రాత్రి అడగను. ఈ చివరి మాట పిల్లలకి ముందే చెప్పడం అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం. అందరి ముందూ పరువు పోతుందని భయపడితే, రావాలనిపించినా రారు.

మా అమ్మకి వీడియో కాల్లో ఈ సంగతి చెప్తే, "ఆడపిల్లని రాత్రిపూట పరాయింట్లో ఉంచుతావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. నేను అడిగిన ప్రశ్నలన్నిటి అడుగునా ఉన్నది అదే కదా.

చిన్నప్పుడు నేనూ ఎండాకాలమంతా ఆరుబయటే పడుకున్నాను. అయితే చుట్టూ అందరూ మావాళ్ళే. మంచం దిగితే పిన్ని, అటు తిరిగితే మావయ్య. స్నేహితులతో ఒక్క రాత్రి కూడా గడపలేదు, గడపాలని అడగాలన్న ఆలోచనే రాలేదు. మా అమ్మాయికి ఈ పరాయిదేశంలో పిన్నుల్లేరు, మావయ్యల్లేరు. ఆరుబయట పడుకోవాలంటే స్నేహితులతోనే పడుకోవాలి. నా బాల్యంలో ఉన్న సుఖం తనకీ దక్కాలని ఏళ్ళుగా అనుకుంటూనే, అది తనకి దొరికే ఒక్క దారికీ అడ్డం నిలబడబోయాను.

పైగా ఇక్కడ అందుకు ఆగస్టుని మించిన నెల లేదు. జూన్‌లో పిల్లలు నిద్రపోయే వేళకి కూడా వెలుతురు పోదు. జూన్ 21 దాటాక పగలు కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చి, ఆగస్టు నడిమికి త్వరగా చీకటి పడుతుంది, చలి ఇంకా మొదలవదు. ఉల్కలు కూడా అప్పుడే. పెర్సీయిడ్స్ అనే ఈ ఉల్కలు జూలై నడిమి నుంచి కనిపిస్తాయి, ఆగస్టు 12, 13 తేదీల్లో బాగా ఎక్కువ. స్విఫ్ట్–టటిల్ అనే తోకచుక్క వదిలిన ధూళిలోంచి భూమి ఏటా ఈ రోజుల్లో వెళ్తుంది. ఇసుక రేణువంత ముక్క సెకనుకి సుమారు 59 కిలోమీటర్ల వేగంతో మన గాలిలోకి వచ్చి మండిపోతుంది. ఆ తోకచుక్కని 1862లో కనుక్కున్నారు, 1992లో మళ్ళీ వచ్చి వెళ్ళింది, ఇక 2126లోనే రావడం. ఇదంతా నాకు చెప్పింది మా అమ్మాయే. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుందనీ, మధ్యలో ఎవరైనా ఫోన్ తెరిస్తే మళ్ళీ మొదటికి వస్తుందనీ కూడా చెప్పింది. ఫోన్ దగ్గర పెట్టుకోవాలన్నది నా షరతు. ఇద్దరం మాట్లాడుకుని, సౌండు మాత్రం ఉంచి ఫోన్‌ని టెంట్లో బ్యాగు అడుగున పెట్టేలా ఒప్పందం చేసుకున్నాం.

ముందు రోజు సాయంత్రం మా ఇంటి వెనక నిలబడి నాకు నక్షత్రాలు చూపించింది. నడినెత్తిన తెల్లగా మెరిసేది వేగా, మన అభిజిత్తు. దానికి దక్షిణంగా, కొంచెం కిందికి ఆల్టెయిర్. అదే శ్రవణం. శ్రావణ పౌర్ణమికి చంద్రుడు ఆ వైపే ఉంటాడు. నా జన్మ నక్షత్రం శ్రవణమని పుట్టినప్పటి నుంచీ వింటున్నాను, అడిగినవాళ్ళకి చెప్తున్నాను. ఆకాశంలో అదెక్కడుందో చూపించింది మాత్రం నా కూతురు.

ఇక బొంత సంగతి. ఆరుబయట పడుకునేటప్పుడు పైన కప్పుకునేదానికన్నా కింద పరుచుకునేది ముఖ్యం. ఒంట్లో వేడిని నేల లాగేసుకుంటుంది. ఒంటి బరువుకి స్లీపింగ్ బ్యాగు అడుగుభాగం నలిగిపోయి, అందులో గాలి మిగలదు. చెల్లికి కింద వేసుకోవడానికి తను కుడతానని మా పెద్దవాడు ముందుకొచ్చాడు. బడిలో మిషన్ కుట్టడం నేర్చుకున్నాడు. నా పాత నూలు చీరలు తీసిచ్చాను. ఎన్నో ఉతుకులు చూసిన బట్ట కాబట్టి ఇక కుంచించుకుపోదు, మెత్తగా ఉంటుంది.

చీర మడతల మధ్య పాత దుప్పటి పరిచి, నడిమి నుంచి అంచులవైపుకి పొడుగు టాకాలు వేసుకుంటూ వెళ్ళాడు. అంచు నుంచి మొదలుపెడితే ముడతలన్నీ మధ్యకి చేరతాయి. మిషన్ మీద పెట్టగానే కింద దారమంతా గూడు కట్టుకుపోయింది. వాడు బాబిన్ తీసి చూస్తూ కూర్చున్నాడు. కింద దారం చిక్కుపడితే చాలాసార్లు తేడా పై దారంలో ఉంటుంది. సూదికి ఇటూ అటూ బట్టని నొక్కిపట్టే కాలు ఉంటుంది కదా, దాన్ని పైకెత్తి ఉంచి దారం ఎక్కించాలి. దించి ఎక్కిస్తే, దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్ళల మధ్యకి అది దిగదు. కాలు ఎత్తి దారం మళ్ళీ ఎక్కించాక కుట్టు సాఫీగా సాగింది. మిషన్ సూదికి రంధ్రం మొన దగ్గరెందుకుందని వాడికి సందేహం. చేతి సూది బట్టలోంచి పూర్తిగా అవతలికి వెళ్తుంది, మిషన్ సూది మొన మాత్రమే దిగి, దారాన్ని కింద అందించి పైకి వచ్చేస్తుంది. 1846లో ఎలియాస్ హోవ్ పేటెంట్ తీసుకున్న మిషన్‌లోనూ సూది ఇలాగే ఉండేది.

అంచుల దగ్గర మందం ఎక్కువై మిషన్ మొరాయిస్తే చేత్తో కుట్టాడు. మా అమ్మ ఫోన్లోంచి, "దారం అంత బిగించి లాగకు నాన్నా, బట్ట ముడుచుకుంటుంది" అని చెప్తూ గంటసేపు వాడితోనే ఉంది. మగపిల్లాడు సూది పట్టుకున్నాడని ఒక్క మాట అనలేదు, మురిసిపోయింది. మనవడికి అంత సులువుగా తెరిచిన తలుపు మనవరాలికి ఎందుకు తెరవలేకపోయిందో అడగాలనిపించింది. అడగలేదు. నేను కూడా ఇంకా సగమే తెరిచాను.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఫోన్ రాలేదు. పొద్దున్న వెళ్ళేసరికి బొంత ఒక పక్కన తడిసి ఉంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి టెంటు గుడ్డ గాలికన్నా చల్లబడుతుంది. లోపల నలుగురి ఊపిరీ దానికి తగిలి నీరవుతుంది, ఆ గోడకి ఆనుకున్నదల్లా తడుస్తుంది. టెంటు పైన గాలి రంధ్రాలు తెరిచి ఉంచమనీ, పక్కలు గోడలకి తగలకుండా వేసుకోమనీ తర్వాతిసారికి చెప్పాను. పదిహేను ఉల్కలు చూశామని నలుగురూ ఒకేసారి చెప్పబోయి పోట్లాడుకున్నారు.

టెంటుకి ఒప్పుకున్నాను. చలికాలంలో స్నేహితురాలి ఇంట్లో, లోపల పడుకోవడానికి ఇంకా ఒప్పుకోలేదు. పిల్లలు వాళ్ళే, ఆ తల్లిదండ్రులూ వాళ్ళే, మరి తేడా ఏంటని అడుగుతోంది. పెరట్లో అయితే నలుగురూ ఒకేచోట, ఒకరికొకరు కనిపిస్తూ ఉంటారని చెప్పాను. ఇంట్లోనూ ఒకే గదిలో పడుకుంటామంది. ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచిస్తూనే ఉన్నాను, ఇప్పటిదాకా నాకు దొరికిన కారణాలేవీ దాని ముందు నిలబడేలా లేవు. అయినా సరేననడానికి నోరు రావడం లేదు.