మా ఇంటికి సముద్రం వచ్చింది

ఈ రోజు మా గాజు తొట్టిలోకి మొదటి చేప వచ్చింది. నారింజ రంగు ఒంటిపై తెల్లని పట్టీలున్న బుల్లి క్లౌన్ చేప. సముద్రానికి ఇంత దూరంగా, హైదరాబాద్‌లోని మా రెండు గదుల ఇంట్లో!

దీనికోసం ఆరు వారాలు ఆగాను. 60 లీటర్ల ఆర్వో నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపాను. వంటింటి ఉప్పు పనికిరాదు, కాల్షియం, మెగ్నీషియం కూడా ఉండాలి. తర్వాత రాళ్లు పేర్చి ఖాళీ తొట్టినే చూస్తూ కూర్చున్నాను. చేప విసర్జించే విషపు అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ రాళ్లపై స్థిరపడాలి. అంతకుముందే చేపను వదిలితే విషంలో వదిలినట్టే. పరీక్ష గొట్టంలో ఆకుపచ్చ పోయి, అమ్మోనియా లేదని చెప్పే పసుపు తేలిన ఉదయం అమ్మను కేకేసి పిలిచాను.

మే ఎండలకు రోజూ అర లీటరు ఆవిరైపోయేది. నీరు ఆవిరవుతుంది, ఉప్పు కాదు. అది తోచక రెండు వారాలు ఉప్పునీళ్లే పోశాను. నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే సాపేక్ష సాంద్రత 1.025 నుంచి 1.028కి చేరింది. అప్పటికి చేప లేకపోవడం ఎంత అదృష్టమో! ఇప్పుడు ఆర్వో నీళ్లే పోస్తున్నాను, కొద్దికొద్దిగా.

సాయంత్రం అమ్మ దీపం పెట్టి వచ్చి, కుర్చీని తొట్టి ముందుకు లాక్కుంది. చేప రాతి నీడలోంచి మెల్లగా బయటికి వచ్చింది.