హెచ్చరిక బోర్డులతో రాక్ పాట కట్టాలంటే

"ఎవడు చెప్పినా వినను" అనే పాటకు సరుకు ఎక్కడో వెతకక్కర్లేదు. కాజీపేట స్టేషన్లో, హైదరాబాద్ రోడ్డు పొడుగునా, కరెంటు స్తంభాల మీద రాసే ఉంటుంది: దాటరాదు, ఎక్కరాదు, నిదానమే ప్రధానం. చరణంలో ఆ మాటల్ని ఉన్నవున్నట్టు, సర్కారు గొంతుతో చదివేయండి. పల్లవి మాత్రం ఇంటి భాషలో తిరగబడాలి: "దాటొద్దన్నరు, దాటిన! ఎక్కొద్దన్నరు, ఎక్కిన!" సమాజం, సంకెళ్లు, స్వేచ్ఛ అన్నారంటే అది పాట కాదు, ఉపన్యాసం.

బాణీలో తేడా కొట్టేది గురులఘువుల దగ్గర. "ప్రమాదం"లో ప్ర పొట్టి, మా పొడుగు. ప్ర మీద దెబ్బ వేసి సాగదీస్తే "ప్రామదం" అని వినిపిస్తుంది. ప్రను అర బీటు ముందే అనేసి, మాను మొదటి దెబ్బ మీద దించండి. నిమిషానికి 140 బీట్లు చాలు. 160 దాటితే మాటలు నలిగిపోతాయి.

గిటారు ఆరో తీగను ఇ నుంచి డికి దించితే, లావు తీగలు మూడూ ఒక్క వేలితో నొక్కగానే పవర్ కార్డ్ పలుకుతుంది. అందులో షడ్జమం (స), పంచమమే (ప) ఉంటాయి. గిటారు గొంతును గరగరలాడించే డిస్టార్షన్‌లో గాంధారం (గ) కలిస్తే అంతా బురదే. ఆ గరగరను పెంచే గెయిన్ మీటను సగం దాటించొద్దు. 10-46 తీగల సెట్టులో (అంకెలు సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) దించిన తీగ గట్టిగా కొడితే జరజరలాడుతుంది, 10-52 మేలు.

డప్పు పెడితే బాగుంటుంది, కానీ డ్రమ్‌సెట్టులో స్నేర్ డ్రమ్ము పడే 2, 4 దెబ్బల మీద కాదు. పల్లవి మధ్య ఖాళీలు దానికి వదలండి. చలికాలం రాత్రి మంచుకు తోలు వదులవుతుంది కాబట్టి పాటకు కాస్త ముందే కాపుకోవాలి, అదీ టెంటు గుడ్డలకు దూరంగా.

ఇక పాట ఎన్ని రూల్సు తెంపినా తెంపకూడనిది ఒకటుంది, ప్లగ్గులో ఎర్త్ పిన్ను. ఆంప్ (గిటారు శబ్దాన్ని పెంచే పెట్టె) గుయ్యిమంటోందని ఆ పిన్ను పీకేసేవాళ్లు ప్రతి కాలేజీ ఫెస్టులోనూ ఉంటారు. గుయ్యి పోతుంది. ఆంప్‌లో లీకేజీ ఉంటే మాత్రం 230 వోల్టులు గిటారు తీగల మీదికొస్తాయి, పెదవి మైకుకు తగలగానే కరెంటుకు ఒంట్లోంచి దారి దొరుకుతుంది. 1972లో స్టోన్ ద క్రోస్ గిటారిస్టు లెస్లీ హార్వే స్వాన్‌సీ వేదిక మీద, ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని చనిపోయాడు.

ఆ గుయ్యి చాలాసార్లు ఆంప్, మిక్సర్ వేర్వేరు బోర్డుల నుంచి కరెంటు తీసుకోవడం వల్ల వస్తుంది. రెండింటినీ ఒకే బోర్డుకు తగిలించండి. ఇంకా మిగిలితే డీఐ బాక్సులో (గిటారును మిక్సర్‌కు కలిపే చిన్న పెట్టె) గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. అది సౌండ్ లైనులోని ఎర్త్‌ను విడదీస్తుందే తప్ప కరెంటు ఎర్త్‌ను ముట్టుకోదు. అన్నీ ఆన్ చేశాక, పాడేవాళ్లు ఎక్కకముందు, మల్టీమీటర్‌ను ఏసీ 750లో పెట్టి ఒక ముల్లు మైకు జాలీకి, ఇంకోటి గిటారు తీగకు ఆనించండి. సున్నా దగ్గర ఉండాలి. పదులు చూపిస్తే అన్నీ ఆపేసి టెంట్‌హౌస్ ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.