ముట్టడిలో కొన్న పొలం

యూదా రాజు సిద్కియా ఏలుబడిలో పదో ఏడు, అంటే క్రీ.పూ. 587 ప్రాంతం. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం. లోపల కరువు, తెగులు. పట్టణం శత్రువు చేతికి పోతుందని చెప్పినందుకు యిర్మీయా ప్రవక్తను చెరసాల ఆవరణలో ఉంచారు. అలాంటప్పుడు ఆయన తండ్రి తోడబుట్టినవాడి కొడుకు హనమేలు వచ్చి, వాళ్ల సొంతూరు అనాతోతులో తన పొలం కొనుక్కోమన్నాడు. ఆ ఊరివాళ్లే ఒకప్పుడు యిర్మీయా ప్రాణం తీయాలని చూశారు!

అయినా దేవుడు కొనమన్నాడు, యిర్మీయా కొన్నాడు. 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. పత్రం రాసి ముద్ర వేశాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన పత్రాన్నీ, ముద్రలేని ప్రతినీ తన లేఖకుడు బారూకుకిచ్చి, చాలాకాలం చెడకుండా మట్టికుండలో దాచమన్నాడు. మన రిజిస్ట్రేషన్ ఆఫీసులో జరిగే పనంతా చెరసాల ఆవరణలోనే జరిగిపోయింది. ఈ దేశంలో ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు మళ్లీ కొంటారన్న దేవుని మాట ఒక్కటే ఆయనకు ఆధారం.

పత్రాలు బారూకు చేతికి వెళ్లాక యిర్మీయా చేసిన ప్రార్థన నాకు ఎంతో ఇష్టం. నీకు అసాధ్యమైనది ఏదీ లేదంటూ మొదలుపెట్టి, చివరికి మనసులో టెన్షన్ అంతా బయటపెట్టేశాడు: ముట్టడి దిబ్బలు గోడలదాకా వచ్చాయి, పట్టణం కల్దీయుల (బబులోనువాళ్ల) పాలవుతోంది, నువ్వేమో డబ్బిచ్చి పొలం కొనమన్నావు! అందుకు దేవుడు కోప్పడలేదు. నాకు అసాధ్యమైనది ఏదైనా ఉంటుందా అని, యిర్మీయా అన్న మాటతోనే అతనికి జవాబిచ్చాడు. ఐసీయూ బయట కూర్చున్నవాళ్లతో, ఉద్యోగం పోయి అప్పుల్లో ఉన్నవాళ్లతో "నమ్మకం ఉంటే భయమెందుకు" అని మనం తొందరపడి అనేస్తుంటాం. దయచేసి అలా అనకండి. వాళ్ల పక్కన కూర్చుని యిర్మీయా గ్రంథంలోని ఈ 32వ అధ్యాయం చదవండి.

తర్వాత పట్టణం కూలింది. యిర్మీయాను సొంత జనమే ఐగుప్తుకు తీసుకుపోయారు. ఆ పొలంలో ఆయన అడుగు పెట్టినట్టు బైబిలులో ఎక్కడా లేదు. ఈ సంగతి దాటేసి వాగ్దానాల గురించి బోధిస్తే, ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లకు అన్యాయం చేసినట్టే. దేవుడు మాట నిలబెట్టుకున్నాడు, కానీ అందుకు దశాబ్దాలు పట్టింది. పారసీక రాజు కోరెషు సెలవిచ్చాక చెరలో నుంచి తిరిగి వచ్చినవాళ్ల లెక్క ఎజ్రా గ్రంథం 2వ అధ్యాయంలో ఉంది. అన్నీ పేర్లూ అంకెలే కదా అని చాలామంది చదవకుండా వదిలేస్తాం. 23వ వచనం దగ్గర ఒక్కసారి ఆగండి: అనాతోతువాళ్లు 128 మంది.