మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో ఇంటి బీరు: ఖర్చు ఎక్కడ తగ్గించాలి?

మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో, అంటే మొలకెత్తించిన బార్లీ వంటి ధాన్యం నుంచి తీసిన తియ్యని సారంతో, ఇంట్లో బీరు కాచేవారికి ఖర్చులో పెద్ద భాగం ఆ ఎక్స్‌ట్రాక్ట్‌దే కాబట్టి, లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పాకంలా ఉండే ద్రవ రకంలో దాదాపు 20 శాతం నీరే ఉంటుంది. అందువల్ల దాని కిలో ధరను పొడి రకం 800 గ్రాముల ధరతో పోల్చినప్పుడే ఏది చవకో తేలుతుంది. పైగా ద్రవ రకం నిల్వ ఉన్నకొద్దీ రంగు ముదురుతుంది కనుక, లేత రంగు బీరుకు నేను పొడినే ఎంచుకుంటాను. అయితే ఆవిరి తగిలిన పొడి చెంచాకు బంకలా అతుక్కుపోతుంది. మంట ఆపి, కొద్దికొద్దిగా చల్లుతూ కలిపితే ఉండ కట్టదు, అడుగూ మాడదు.

ఎక్స్‌ట్రాక్ట్‌కు బదులు చక్కెర ఎక్కువగా కలిపితే ఖర్చు తగ్గుతుంది గాని బీరు పలచబడుతుంది.

చేదు కోసం మరిగించేటప్పుడు మొదట్లో వేసే హాప్స్‌కు (బీరుకు చేదు, సువాసన ఇచ్చే ఒక తీగ పూలు) ఆల్ఫా ఆమ్లాల (చేదునిచ్చే పదార్థాల) శాతం చూడాలి: 6 శాతం రకం 28 గ్రాములు పట్టే చోట 12 శాతం రకం 14 గ్రాములు చాలు. సువాసన కోసం చివర్లో వేసే హాప్స్‌లో మాత్రం పొదుపు వద్దని నా గట్టి అభిప్రాయం.

పులిసిన పాత్ర అడుగున పేరుకున్న ఈస్ట్‌ను శుభ్రపరచిన సీసాలోకి తీసి ఫ్రిజ్‌లో ఉంచి, పుల్లని వాసన లేకపోతే, ఒకటి రెండు వారాల్లో కాచే తదుపరి బీరుకు వాడుకోవచ్చు.