పాత కారు ఏసీ: గ్యాస్ తర్వాత, ముందు లీక్ సంగతి

ఇప్పుడు ఎలా ఉందో ముందే చెప్పేస్తా. బయట 34 డిగ్రీలు, విశాఖ మార్కు ఉక్కపోత, మధ్య వెంట్‌లో థర్మామీటర్ పెడితే 9 డిగ్రీలు. మార్చిలో ఇదే వెంట్ 21 చూపించింది. కారు 2012 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఎంవీపీ కాలనీలో ఆరుబయటే ఉంటుంది, ఏడాదంతా సముద్రం గాలే.

మార్చి

మధురవాడ వైపు హైవే మీద పోతుంటే ఫర్వాలేదు గానీ, హనుమంతవాక సిగ్నల్లో ఆగితే వేడి గాలి. ఇలా ఉంటే మొదట చూడాల్సింది కండెన్సర్ (గ్రిల్ వెనక ఉండే, గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యాన్ తిరుగుతోందా లేదా అని. మాది తిరుగుతోంది. బానెట్ ఎత్తి కాసేపు వింటే కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) క్లచ్ టక్కుమని పట్టుకోవడం, నాలుగైదు సెకన్లకే వదిలేయడం, మళ్లీ టక్. లోపల గ్యాస్ తగ్గితే లో-ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని కాపాడటానికి ఇలా ఆపుతూ ఉంటుంది.

కిందటి వేసవిలో ఒక షాపులో 1,800 ఇచ్చి ‘ఫుల్ గ్యాస్’ కొట్టించాం. లీక్ చూడలేదు, వ్యాక్యూమ్ పెట్టలేదు (అంటే పంపుతో లోపలి గాలి, తేమ లాగేయలేదు), తూకమూ వేయలేదు, గేజ్ చూసి ‘చాలు సార్’ అన్నారు. దసరాకల్లా మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి కూడా అలాగే కొట్టించేద్దామని ఇంట్లో అంటే, కంచరపాలెంలో ఫ్రిజ్‌లు బాగుచేసే మా బామ్మర్ది నవ్వి, "ఏటి బావా, గ్యాస్ ఏమన్నా పెట్రోలా అయిపోడానికి? ఎక్కడ కారుతోందో చూడు ముందు" అన్నాడు. మూసి ఉన్న సర్క్యూట్ అది, గ్యాస్ అందులోనే తిరుగుతుంది. ఏటేటా కొట్టించాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతున్నట్టే.

గేజ్ గురించి ఒక మాట. ఇంజిన్ ఆపి పెడితే 30 డిగ్రీల ఎండలో ఆర్134ఏ (మా కారు ఏసీలో ఉండే గ్యాస్) దాదాపు 97 పీఎస్ఐ చూపిస్తుంది. లోపల ద్రవం కొంచెమైనా మిగిలి ఉన్నంతవరకు, 200 గ్రాములున్నా 400 ఉన్నా అదే అంకె. అందుకే గ్యాస్ ఎంత ఎక్కించాలన్నది తూకంతోనే తేల్చుకోవాలి, ముల్లు చూసి కాదు.

లీక్ వెతుకులాట

సబ్బు నురగతో పైపు జాయింట్లన్నీ చూశా, ఏమీ దొరకలేదు. తర్వాత యూవీ డై (యూవీ వెలుగులో మెరిసే రంగు) ఎక్కించి, కొన్నాళ్లు తిప్పి, రాత్రిపూట యూవీ టార్చి వేస్తే కండెన్సర్ కింది మూల పచ్చగా మెరిసింది. నిజానికి టార్చి లేకుండానే కనిపెట్టొచ్చు: గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొంచెం కొంచెం బయటికొస్తుంది, దానికి దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు మచ్చ అవుతుంది. ఆ మచ్చ చుట్టూ అల్యూమినియం రెక్కలు తెల్లటి పొడి పట్టి, గోరు తగిలిస్తే రాలిపోతున్నాయి. ఉప్పుగాలి చేసిన పని. బీచ్‌కి దగ్గర్లో ఉండేవాళ్లు నెలకోసారి గ్రిల్ లోంచి మామూలు నీళ్లు పోసి కండెన్సర్ కడగండి. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు, రెక్కలు వంగిపోతాయి.

ఏప్రిల్: కండెన్సర్ మార్పు

లోపల మిగిలిన గ్యాస్‌ని గాల్లోకి వదిలేయలేదు. ఆర్134ఏ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కి 1,400 రెట్లకు పైనే. రికవరీ మెషీన్ ఉన్న షాపులో తీయించా, 300 తీసుకున్నారు. కండెన్సర్ గాజువాక ఆటోనగర్‌లో దొరికింది, కంపెనీది కాదు, 3,400. డ్రయ్యర్ (గ్యాస్‌లోని తేమ పీల్చుకునే భాగం) దానితోనే వచ్చింది. విడిగా వచ్చే కార్లలో సర్క్యూట్ తెరిచినప్పుడు డ్రయ్యర్ కూడా మార్చేయండి. బంపర్ ఊడదీయడానికే ఎక్కువ టైమ్ పట్టింది, పాత ప్లాస్టిక్ క్లిప్పులు విరుగుతాయి, ముందే అరడజను కొనుక్కోండి. ఓ-రింగులన్నీ (జాయింట్ల దగ్గర గ్యాస్ కారకుండా వేసే రబ్బరు రింగులు) కొత్తవి, పెట్టే ముందు ఏసీ నూనె రాయాలి, గ్రీజు కాదు. కొత్త కండెన్సర్‌లో పీఏజీ 46 రకం కంప్రెసర్ నూనె 30 మి.లీ. పోశా. ఏ నూనె, ఎంత అన్నది మీ కారు మాన్యువల్ చూసి పోయండి.

ఇంకా ఎక్కడైనా కారుతోందేమో చూడ్డానికి బామ్మర్ది నైట్రోజన్ సిలిండర్ తెచ్చి 150 పీఎస్ఐ నింపి రాత్రంతా వదిలేశాడు, పొద్దున్నకి ముల్లు కదల్లేదు. టైర్ల గాలి మెషీన్‌తో ఈ పని చేయకండి, మన ఊరి గాలిలో నీరే సగం అన్నట్టుంటుంది.

తర్వాత వ్యాక్యూమ్. 30 డిగ్రీల దగ్గర లోపలి తేమ మరిగి ఆవిరైపోవాలంటే వ్యాక్యూమ్ గేజ్ దాదాపు 28.7 అంగుళాలు (పాదరసం లెక్కలో) దాటాలి. 29 పైన ముప్పావుగంట నడిపి, పంప్ ఆపి అరగంట చూశాం, నిలబడింది. తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్ ప్రెషర్ తగ్గించి చల్లబరిచే సన్నటి దారి) దగ్గర గడ్డకట్టడమే కాదు, నూనెతో కలిసి లోపలంతా తినేస్తుంది. షాపుల్లో టైమ్ లేదని ఎగ్గొట్టేది ఈ మెట్టే, అడిగి మరీ చేయించుకోండి.

గ్యాస్ ఎక్కించడం

బానెట్ కింద స్టిక్కర్ మీద 380 గ్రాములు అని ఉంది. 450 గ్రాముల క్యాన్‌ని వంటింటి డిజిటల్ కాటా మీద నిలబెట్టి, గేజ్ సెట్ నుంచి క్యాన్‌కి వచ్చే పసుపు పైపులో గాలిని కొద్దిగా గ్యాస్‌తో తోసేసి, నీలం వాల్వ్ (లో సైడ్, అంటే తక్కువ ప్రెషర్ వైపు) తిప్పా. వ్యాక్యూమ్ సగం దానంతట అదే లాగేసుకుంటుంది. మిగతాది ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ ఫుల్‌లో పెట్టి, లో సైడ్ నుంచే, క్యాన్ నిటారుగా ఉంచి. ఇంజిన్ నడుస్తుండగా ఎర్ర వాల్వ్ (హై సైడ్, ఎక్కువ ప్రెషర్ వైపు) ముట్టుకోవద్దు, ఆ ప్రెషర్‌కి క్యాన్ పగిలే ప్రమాదం ఉంది. క్యాన్ మంచులా చల్లబడి గ్యాస్ రావడం తగ్గితే గోరువెచ్చని నీళ్లలో పెట్టండి, వేడినీళ్లలో కాదు. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. ఈ ద్రవం మైనస్ 26 దగ్గరే మరుగుతుంది, చర్మం మీద పడితే కాలినట్టు బొబ్బలెక్కుతుంది.

380 దగ్గర ఆపాక లో సైడ్ 40, హై సైడ్ 220 పీఎస్ఐ. ఇంకొంచెం కొడితే ఇంకా చల్లగా వస్తుందనుకోవద్దు, ఎక్కువైతే హై సైడ్ పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం.

ఖర్చు

రికవరీ 300, కండెన్సర్ 3,400, ఓ-రింగులు 120, నూనె 450, గ్యాస్ 550, నైట్రోజన్ 200, మొత్తం 5,020. గేజ్ సెట్ 2,100, డై, టార్చి 600 విడిగా. పంప్ బామ్మర్దిది, కొంటే ఇంకో 5,000 పైనే. బయట ఇదే పనికి 7,500 చెప్పారు, అంటే పంప్ కూడా కొనుక్కోవాల్సి వస్తే ఒక్క కారు కోసం లెక్క కుదరదు, షాపుకే వెళ్లండి. కొత్త కార్లలో కొన్నింటికి ఆర్1234వైఎఫ్ అనే గ్యాస్ ఉంటుంది, అది నిప్పు అంటుకునే రకం, బాగా ఖరీదు, గేజ్ పైపులు తగిలించే కప్లర్లు కూడా వేరు, దాని జోలికి నేనైతే పోను.

కేబిన్ ఫిల్టర్ కూడా మార్చా, 250. పాతది తీస్తే ఎండుటాకులు, బల్లి తోక. ఇక మిగిలింది ఫ్యాన్ రిలే (ఫ్యాన్‌కి కరెంట్ ఇచ్చే స్విచ్), వేడిగా ఉన్నప్పుడు అప్పుడప్పుడు ఆలస్యంగా పట్టుకుంటోంది. రెండోది దొరికితే మార్చి చూస్తా.